చిరగని కార్డులు

లైబ్రరీ గోడ మీద స్టాంపింగ్ క్లాసు అని కాగితం చూసి, మొదటి శనివారం నేను తపాలా బిళ్ళలు పట్టుకుని వెళ్ళాను. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషికి స్టాంపంటే రెండే అర్థాలు. ఉత్తరం మీద అంటించేది ఒకటి, రిజిస్ట్రార్ ఆఫీసులో కొట్టేది రెండోది. అక్కడ చూస్తే పదిమంది అమెరికన్ పెద్దవాళ్ళు, బల్ల నిండా రబ్బరు పువ్వులు, రబ్బరు పిట్టలు, రంగురంగుల ఇంకు డబ్బాలు. క్లాసు చెప్పే పెద్దావిడ నా చేతిలోని బిళ్ళలు చూసి నవ్వలేదు. కార్డు చేశాక పోస్టు చెయ్యాలి కదా, మంచి పని చేశావు అంది. ఆ మర్యాదకే నేను ఆవిడకి శిష్యురాలినైపోయాను.

ఆ గదిలో నాది కాక తెలుగు మొహం ఇంకొక్కటే. ముప్పై ఏళ్ళ అమ్మాయి. భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్ వన్ వీసా. ఈమెది దానికి తోకలాంటి డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. నా సంగతి వేరు. మా అక్క నా గ్రీన్‌కార్డు కోసం వేసిన పిటిషన్ ఏళ్ళ తరబడి నాని నాని మొలకెత్తితే వచ్చినదాన్ని. బాతెల్ అనే ఊళ్ళో ఒక ఇండియన్ స్టోర్ వెనక వంటగదిలో మిర్చిబజ్జీలు, పునుగులు వేస్తాను. ఆ అమ్మాయి ఎమ్మెస్సీ. మనిద్దరి చదువూ కలిపి చెరిసగం పంచుకుంటే ఇద్దరం ఇంటర్ పాసైనట్టే అన్నాను. ఆ వారం నుంచే నన్ను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది.

పని నాకు అచ్చొచ్చింది. రబ్బరు అచ్చుని ఇంకులో అద్ది, అట్ట మీద కదలకుండా నొక్కి, నిటారుగా పైకెత్తాలి. ఎత్తేటప్పుడు చెయ్యి వణికితే పువ్వుకి ఇంకో పువ్వు అంటుకుంటుంది. తడి ఆరకముందే దాని మీద సన్నటి పొడి చల్లి వేడిగాలి తగిలిస్తే, పొడి కరిగి గీతలన్నీ ఉబ్బుతాయి. మొదటిసారి చూసినప్పుడు నూనెలో పునుగు పొంగినట్టుంది అన్నాను. ఆ అమ్మాయి దాన్ని పక్కావిడకి ఇంగ్లీషులో చెప్పబోయి, పునుగుకి ఇంగ్లీషు దొరక్క, బల్ల మీద తల పెట్టి నవ్వింది. ఆ నవ్వు కోసం ప్రతి శనివారం రెండు జోకులు దాచుకుని వెళ్ళేదాన్ని.

ఆమె భర్త దింపి వెళ్ళిపోయేవాడు కాదు. రెండు గంటలూ పార్కింగ్‌లో కారు సీటు వెనక్కి వాల్చి నిద్రపోయేవాడు. వారమంతా పగలు ఇక్కడి ఆఫీసు, పొద్దుపోయాక ఇండియా టీమ్‌తో కాల్స్ అట. చెల్లెలి మొగుడు కాబట్టి నాకు మరిది. మరిదిని ఏడిపించకపోతే వరస చెడిపోతుందన్నట్టు, వెళ్ళేటప్పుడల్లా కారు అద్దం మీద కొట్టి లేపి ఏదో ఒకటి అనేదాన్ని.

ఒక శనివారం అలాగే అద్దం కొట్టాను. కళ్ళు నులుముకుంటూ అద్దం దించాడు.

"మరిదిగారూ, ఇలా పడుకుంటూ పోతే ఏదో ఒక రోజు లేవడం మర్చిపోతారు" అన్నాను.

అతనూ నవ్వాడు, ఒక మాట అన్నాడు. నేను నా కారెక్కి వెళ్ళిపోయాను. ఆ బుధవారం పొద్దున అతను నిద్రలోనే పోయాడు. గుండె అన్నారు. అలారం మోగుతూనే ఉందట, ఆ అమ్మాయి దాన్ని ఆపమని వంటింట్లోంచి రెండుసార్లు అరిచిందట.

మనం మాట్లాడుకునేటప్పుడు పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, నోటికొచ్చింది అనొద్దని మా ఇంట్లో నన్ను తిట్టినన్ని తిట్లు ఎవర్నీ తిట్టి ఉండరు. నేను వాళ్ళ మీద కూడా జోకులేసేదాన్ని. ఆ బుధవారం నుంచి వెయ్యలేదు.

దహనానికి వెళ్ళి హాల్లో చివరి వరసలో నిలబడ్డాను. దగ్గరికి పోలేదు. నన్ను చూస్తే నవ్వు మొహం పెట్టడం జనానికి అలవాటు. అక్కడ కూడా ఒకాయన నన్ను చూసి పెదవులు సాగదీసి, గుర్తొచ్చి మళ్ళీ సర్దుకున్నాడు. అంతకంటే పెద్ద సంగతి, ఆ మాట నా గొంతులో ఉంది. దాన్ని మింగి ఆమె చెయ్యి పట్టుకోలేను, కక్కి పట్టుకోనూలేను. వండి పంపించాను, మనిషిని వెళ్ళలేదు. రెండు వారాలు అలా గడిచిపోయాయి. అంతలో తెలిసింది, ఆమె వెళ్ళిపోతోందని. వీసా ఆయన పేరు మీద. ఆయన లేకపోతే ఆమెకి ఈ దేశంలో ఉండే కాగితం లేదు. గురువారం ఫ్లయిటు. ఆ మాట చెప్పకుండా పంపిస్తే, ఇక ఈ జన్మలో నేను ఆమె మొహం చూడలేను.

శనివారం క్లాసులో పెద్దావిడ బల్ల మీద ఎర్ర ఇంకులు, మెరుపులు అన్నీ తీసేయించింది. బూడిద రంగు, ముదురు నీలం, తెల్ల లిల్లీ అచ్చులు మాత్రం ఉంచింది. అందరం ఆ అమ్మాయికి ఒక్కో కార్డు చెయ్యాలి. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. సారీ అని రాయొద్దు, ఆ మనిషి గురించి మీకు గుర్తున్నది ఒక్కటి రాయండి అంది. తన భర్త పోయినప్పుడు వచ్చిన కార్డులన్నీ ఒక పెట్టెలో దాచుకుందట. ఏటా ఆయన పుట్టినరోజున తీసి చదువుకుంటుందట.

నేను తల దించుకుని లిల్లీ పువ్వు చుట్టూ కత్తిరిస్తున్నాను. మాలో చావు కబురు ఉత్తరాన్ని గుమ్మం బయటే చదివి చింపేస్తారు. కర్మ కార్డైనా అంతే. దాన్ని ఇంట్లో ఉంచుకున్నవాళ్ళని నేను ఎరగను. ఆ సంగతి చెప్పడానికి సరిపడా ఇంగ్లీషు నాకుంది. కానీ పదిమంది వంగి, ఒకామె వణికే చేత్తో, ఒక్కో రేకూ అతికిస్తుంటే ఎలా చెప్పను? ఆ గుంపులో తెలుగుదాన్ని నేనే కాబట్టి కార్డులు నేనే ఇచ్చి రావాలని తీర్మానించారు. నా కార్డూ అందంగానే కుదిరింది. లోపల మాత్రం ఏమీ రాయలేదు. నాకు గుర్తున్నది ఒక్కటే, అది రాసేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం సన్నగా వాన పడుతోంది. వాళ్ళది రెండో అంతస్తు, మెట్లు బయట. తలుపు తీసింది వాళ్ళ అత్తగారు. పోయినేడు కొడుకుని చూడటానికి వచ్చినప్పటి వీసా ఉండబట్టి, కబురు అందిన మూడో రోజుకి వచ్చేసింది. నా చేతిలో కవర్లు చూసి గుమ్మంలోనే ఆపింది.

"ఏంటమ్మా అవి? వాడి గురించేనా?"

అవునండీ పిన్నిగారూ, లైబ్రరీలో వాళ్ళంతా చేసి పంపారు అన్నాను.

"అయితే లోపలికి తేవొద్దు. అక్కడే చదివి చింపేయండి."

లోపల్నుంచి ఆ అమ్మాయి వచ్చింది. మనిషి సగమైంది. నన్ను చూసి, ఇన్నాళ్ళూ రాలేదేమని అడగలేదు. ఇవ్వక్కా అని కవర్లు తీసుకుని పై మెట్టు మీద కూర్చుంది. మొదటి కార్డు తీసి చదివి, అత్తగారి చేతికిచ్చింది. ఆవిడ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని లాగింది.

చిరగలేదు.

పిన్నిగారికేం తెలుసు. అది ఒక కాగితం కాదు. అడుగున మందపాటి అట్ట, దాని మీద నీలం అట్ట, దాని మీద స్పాంజి ముక్కల మీద లేపి అంటించిన లిల్లీ. పోస్టులో నలగకూడదని మూడు పొరలూ గట్టి జిగురుతో వెయ్యడం నేర్పింది పెద్దావిడ. పిన్నిగారు మెలితిప్పింది. మోకాలి కింద పెట్టి వంచింది. పువ్వు రేకు ఒకటి ఊడి మెట్టు మీద పడింది, అంతే.

"ఇదేం అట్టే, చెప్పు అడుగులా ఉంది. కత్తెర తీసుకురా."

"కత్తెర సూట్‌కేసులో పెట్టేశాను అత్తయ్యా" అంది ఆ అమ్మాయి. అని, ముక్కులోంచి చిన్న శబ్దం చేసింది. నవ్వే. వెంటనే అది ఏడుపైంది. నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను.

పిన్నిగారు చిరగని కార్డుని ఇటూ అటూ తిప్పి చూసింది. తర్వాత, ఇంతకీ ఏం రాశారు అని అడిగింది. కోడలు కళ్ళు తుడుచుకుని తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. అది వాకర్ పట్టుకుని నడిచే ఆవిడ రాసింది. ప్రతి శనివారం మీ ఆయన కారు దిగి వచ్చి నాకోసం లైబ్రరీ తలుపు పట్టుకునేవాడు, ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు, ఇవాళ ఆ తలుపు నాకు చాలా బరువుగా అనిపించింది అని ఉంది.

రెండోది ఒకాయనది. నా కారు స్టార్ట్ కాకపోతే నీ భర్త గంటసేపు వంగి బాగుచేశాడు, తెల్లచొక్కా నిండా నల్లమరక చేసుకున్నాడు, ఇంట్లో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు, ఇప్పుడు చెప్తున్నాను, క్షమించమను.

"ఆ చొక్కాయా!" అంది ఆ అమ్మాయి. "ఆఫీసులో ప్రింటర్ ఇంకు అన్నాడక్కా నాతో. మూడుసార్లు ఉతికాను."

మూడోది పెద్దావిడది. చలి ఎక్కువగా ఉన్న ఒక రోజు అతన్ని లోపలికి పిలిచి ఒక అచ్చు చేతికిచ్చిందట. పిట్ట తలకిందులుగా పడింది. ఇది పిట్ట కాదండీ, గబ్బిలం అన్నాడట. ఆ కాగితం ఆవిడ ఇప్పటికీ బీరువా తలుపుకి అంటించి ఉంచిందట.

అత్తగారు మెట్ల మీద, మా వెనక మెల్లగా కూర్చుంది. నెల రోజులు కొడుకింట్లో ఉండి వెళ్ళిన మనిషి. ఆ నెల రోజుల్లో కొడుకుని ల్యాప్‌టాప్ వెనకనుంచే చూసింది. ఈ ఊళ్ళో వాడికింత మంది తెలుసా అని అడిగింది. మొదటిది మళ్ళీ చదవమంది. చదువుతుంటే, మెలితిప్పిన కార్డుని తొడ మీద పెట్టుకుని అరచేత్తో సాపు చేస్తూ ఉంది. ఊడిన రేకు నేను ఏరి ఇచ్చాను. వాన గాలికి తిరిగి మెట్ల మీదికి జల్లు కొట్టింది. ఆవిడ కార్డులన్నీ ఒళ్ళోకి లాక్కుని పైట కప్పింది.

"తడిసిపోతాయి. లోపలికి పదండి" అంది.

లోపల మిగతావన్నీ చదివాం. చివరికి నాది మిగిలింది. తెరిచి చూసి ఆ అమ్మాయి నావైపు తిరిగింది. ఏం రాయలేదేం అని అడిగింది అత్తగారు. తెలుగు రాదేమో అనుకుంది పాపం. ఎనిమిది చదివానండీ, రాయడం వచ్చు, ఇది రాయలేకపోయాను అన్నాను. అని, ఇద్దరి ముందూ నేల చూస్తూ ఆ మాట చెప్పేశాను. అద్దం కొట్టి లేపడం, లేవడం మర్చిపోతారు అనడం. తథాస్తు అని ఎవరో పైనుంచి విన్నారని, అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదని.

ఆ అమ్మాయి మొహం చూసే ధైర్యం నాకు లేదు. ముందు మాట్లాడింది పిన్నిగారే.

"స్కూలుకి లేపితే లేచేవాడా? ముసుగు తన్నేవాడు. ఆ మాట నేను వాణ్ణి రోజూ అన్నానమ్మా. రోజూ. వినే దేవతలే ఉంటే, తల్లినోట వచ్చింది ముందు వినుండేవాళ్ళు." నావైపు జరిగింది. "నువ్వలా అంటే వాడేమన్నాడు?"

అది కూడా నేనెవరికీ చెప్పలేదు.

"మర్చిపోతే అద్దం కొట్టడానికి మీరున్నారుగా వదినా, అన్నాడండీ."

ఆ అమ్మాయి రెండు చేతుల్తో నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా, గాజులు నొక్కుకునేంత గట్టిగా. నాకెందుకు చెప్పలేదక్కా ఇన్నాళ్ళూ అంది. అందులో కోపం లేదు. ఎవరో తన వస్తువు దాచి ఇప్పుడు తెచ్చిచ్చినట్టుంది ఆ అడగడం.

"రాసివ్వు" అంది పిన్నిగారు. "వాడన్నది వాడన్నట్టే రాయి. తెలుగులో రాయి, నేను చదువుకోవాలి."

కోడలు లేచి ఎక్కడో వెతికి నల్ల జెల్ పెన్ తెచ్చింది. రాశాను. నా అక్షరాలు బడి మానేసిన రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, గుండ్రంగా, ఎడంగా. ఒకచోట ఒత్తు మర్చిపోతే ఆ అమ్మాయి వేలు పెట్టి చూపించింది, దిద్దాను. ఆ నున్నటి అట్ట సిరాని తొందరగా పీల్చుకోదు. పిన్నిగారు మూసి పక్కన పెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, ఆరలేదండీ, అలుక్కుపోతుంది అన్నాను. ఆవిడ కార్డుని తెరిచినట్టే ఉంచి బల్ల మీద పెట్టింది. ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం, ఎవరూ దాన్ని తాకకుండా.