హుస్సేన్‌బీ చింత అంటుమొక్కలు

2019 వేసవి. జగిత్యాల నుంచి కోరుట్ల పోయే దారిలో ఒక నర్సరీలో అంట్లు కట్టే పని నాది. అప్పటికే పదహారేళ్ళుగా అదే పని, నడుము పట్టేసింది, వేళ్ళ నిండా కత్తి గాట్లు. వచ్చేవాళ్ళంతా మామిడే అడుగుతారు. చింత దానంతటదే మొలుస్తుందని అందరి లెక్క. దాని పుట్టిల్లు ఆఫ్రికా అని, కందికీ పెసరకూ చుట్టమని ట్రైనింగ్‌లో చెబితే నేనే నమ్మలేదు.

ఒకరోజు కోరుట్ల నుంచి హుస్సేన్‌బీ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. ఇంటి పక్క చింతచెట్టు పండు కొట్టి, గింజ తీసి, అంగట్లో అమ్ముకుని బతికే మనిషి. రోడ్డు వెడల్పు కోసం ఆ చెట్టు కొట్టేయబోతున్నారు.

"గా పండు కోసమే నన్ను ఎతుక్కుంట అస్తరు బేటా. గదే చెట్టు మళ్ళ కావాలె," అంది.

గింజ పెడితే అదే పండు వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే ఆ చెట్టు పుల్లలు తెచ్చాను. వాటిని సయాన్ అంటాం. గింజతో మొలిచిన మొక్కను రూట్‌స్టాక్ అంటాం. దాని తల కోసి, చీల్చి, సయాన్ దోపి కట్టాలి. పది కడితే మూడు బతికాయి. ఆమె వాటిని తీసుకుపోయేసరికి పాత చెట్టు లేదు.

ఆ రోజు గిరాకీ ఎక్కువ. "అంటు కింద మొలిచినయి గిల్లెయ్యమ్మా," అన్నాను. తలూపింది. అందరికీ అప్పజెప్పే మాటే, ఆమె ముఖం కూడా సరిగా చూడలేదు.

రెండేళ్ళ తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. మూడు మొక్కలూ ఛాతీ ఎత్తు పెరిగి గుబురుగా ఉన్నాయి. ఆమె మురిసిపోతూ చూపించింది. నేను కింద కూర్చుని, అంటు కట్టిన అతుకు చూశాను. పైన సయాన్ ఎండి పుల్లయింది. గుబురంతా అతుకు కింద నుంచి లేచిన గింజ మొక్కదే. మూడూ అంతే.

"పైన అచ్చిన చిగురు ఏం జేసినవమ్మా?"

"తెంపి పప్పుల ఏసిన. పాత చెట్టు పులుపు ఉన్నదా లేదా అని. గదే పులుపు బేటా. మళ్ళ అచ్చింది, మళ్ళ తెంపిన."

చింతచిగురు కనబడితే మన చేయి ఊరుకోదు. అది తెలిసీ పైది తెంపొద్దని నేను చెప్పలేదు, అంటు ఎక్కడుందో చూపించలేదు.

"గిది నీ చెట్టు కాదమ్మా. గింజ చెట్టు. కాయ ఎట్లుంటదో ఎవ్వలు చెప్పలేరు. కాసేతందుకు ఇంకా ఆరేడేండ్లు పడ్తది."

"అయితే నా చెట్టును నేనే తిన్న," అంది.

నాకు సిగ్గేసింది. ఆమె లేచి బకెట్ తెచ్చి, రోజూ పోసినట్టే మూడింటికీ నీళ్ళు పోసింది. "గివేం పాపం జేసినయి," అంది.

ఇప్పుడు మాట చెప్పి వదిలేయను. కొన్నవాళ్ళ బొటనవేలు పట్టుకుని అతుకు మీద పెట్టిస్తాను. దీని కింది చిగురు పప్పులో వేసుకోండి, పైది ముట్టకండి అంటాను. నిమిషం పని. ఎంత అలసిపోయినా చేస్తాను. హుస్సేన్‌బీకి ఆ నిమిషం ఇవ్వలేదు.