లేని బేరింగు

మాచర్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో స్టోర్సు చూసే పున్నయ్యకు తన నీడ మీద కూడా నమ్మకం లేదు. పాలు పోయించుకునేటప్పుడు చెంబులో వేలు ముంచి చూసేవాడు. చుట్టం ఇంటికొస్తే, వచ్చిన పనేమిటో తేలేదాకా కాఫీ పెట్టనిచ్చేవాడు కాదు. "పెళ్ళిచూపులకొచ్చి మా అరుగు కిందగూడా వంగి చూశాడీయన" అని భార్య వీరరాఘవమ్మ వీధి ఆడవాళ్ళను నవ్వించేది.

నవ్వుతాం గానీ, ఆయన భయానికి కారణముంది. ఆయనకు ముందు స్టోర్సు చూసినాయన హయాంలో రాగి తీగ చుట్టలు తగ్గాయి. ఆయన తీశాడో లేదో దేవుడికే ఎరుక. ఉద్యోగం పోయింది. ఆయన చనిపోయినా ఆ ఇంటిని ఇప్పటికీ దొంగస్టోరాయన ఇల్లనే అంటారు. ఆ మాట తన గడప తొక్కకూడదని పున్నయ్య పట్టుదల. స్టోర్సుకు తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చి లాగేవాడు.

ఎనభై తొమ్మిదిలో ఫ్యాక్టరీకి కంప్యూటర్లొచ్చాయి. స్టోర్సులో ఒకటి, అకౌంట్సులో ఒకటి, మేనేజరు గదిలో ఒకటి. లెక్కలు దాచుకునే డిస్కు మాత్రం ముగ్గురికీ కలిపి ఒక్కటే. అది అకౌంట్సులో ఖాజా మొహిద్దీన్ బల్ల పక్కనున్న పెట్టెలో ఉంది. మిగతా ఇద్దరూ గోడ వెంట వేసిన తీగ ద్వారా దాన్నే వాడుకోవాలి. పున్నయ్య ఇక్కడ టైపు కొట్టిన సరుకు లెక్క అక్కడికి పోయి కూర్చుంటుంది.

"సరుకు నాది, బీరువా పక్కోడింట్లోనా?" అని అడిగాడు పున్నయ్య, తీగలు బిగించడానికొచ్చినాయన్ని. "తాళమేదీ దీనికి?"

"తాళం లేదండీ. ఎవరి ఫైలు వాళ్ళు తెరుచుకోవడమే. మేనేజరు గారు మాత్రం అన్నీ చూస్తారు."

అంటే మర్యాదే తాళం. మర్యాద మీద పున్నయ్యకు బొత్తిగా గురి లేదు.

మొహిద్దీన్ నెమ్మదైన కుర్రాడు. బాబాయ్ అని పిలిచేవాడు, రంజానుకు సేమ్యా పంపేవాడు. పున్నయ్యకు అనుమానం ముదిరింది అక్కడే. ఊరికే సేమ్యా ఎవడు పంపుతాడు? వాడు అక్కడ కూర్చుని తన లెక్కలో ఒక్క అంకె మారిస్తే, రేపు దొంగెవరు? ఆ ఆలోచనతో అన్నం సయించక నిజంగానే చిక్కిపోయాడు పాపం.

చివరికి బోను పెట్టాడు. ఎలుకకు పకోడీ గుచ్చినట్టు, సిమెంటు రాయి కాల్చే కిల్న్ కింది రోలరుకు వేసే పెద్ద బేరింగు ఒకటి ఉన్నట్టు తన ఫైల్లో కొట్టాడు. అటువంటిది స్టోర్సులో లేనే లేదు. బిల్లు ఏదని ఎవరూ అడక్కుండా, ఫ్యాక్టరీ కట్టినప్పుడు మిషన్లతోపాటు వచ్చిన స్పేర్లలో దాన్ని చేర్చాడు. అంత ఖరీదైన సరుకును దొంగచాటుగా చూసినవాడు ఏదో ఒకనాడు నోరు జారకపోడని ఆయన నమ్మకం. ఆపైన టీ తాగేటప్పుడల్లా మాట అటే తిప్పేవాడు.

"బేరింగుల ధరలు చానా పెరిగినయ్యంట గదరా మొయిద్దీనూ."

"నాకేం తెలుసు బాబాయ్. సైకిలు బేరింగు ధర గూడా నాకు తెలవదు."

ఎంత గుండెలు తీసిన బంటు వీడు, అనుకున్నాడు పున్నయ్య.

ఎండాకాలంలో రోలరు బేరింగు పగిలి కిల్న్ ఆగిపోయింది. స్టోర్సులో ఫోను మోగింది. "పున్నయ్య గారూ, మీ దగ్గర పెద్ద బేరింగుంది కదా?" దొంగ దొరికాడని ఆయన గుండె పొంగింది. ఆ గొంతు మేనేజరుదని తెలియడానికి ఒక క్షణం పట్టింది.

మేనేజరు, ఫిట్టర్లు, వెనకే మొహిద్దీన్ వచ్చారు. అరలన్నీ వెతికారు. గేటు బయట కూలీలు పని లేక నీడన కూర్చుని ఉన్నారు.

"నీ లెక్క నమ్మి బేరింగు కోసం హైదరాబాదు పోయే లారీని ఆపాను," అన్నాడు మేనేజరు. "లెక్కలో ఉంది, అరలో లేదు. ఎవరికి అమ్మావు?"

పున్నయ్య పక్కనున్న అరను పట్టుకున్నాడు. ఒక్క మాటంటే గట్టెక్కుతాడు: డిస్కు మొహిద్దీన్ దగ్గరుంది, వాడే కొట్టి ఉంటాడు. ఇన్నాళ్ళూ లోపల మననం చేసుకున్న మాటే అది. నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా మొహిద్దీన్, బాబాయ్ పడిపోతాడేమోనని, స్టూలు తెచ్చి వెనకాల వేశాడు.

"అసలు లేదండీ," అన్నాడు పున్నయ్య. "నేనే కొట్టినా. నా లెక్క ఎవరు చూస్తన్నారో పట్టుకుందామని."

"లేని సరుకు ఉందని ఎవడైనా రాసుకుంటాడా? నమ్మే మాట చెప్పు."

మేనేజరు చూస్తున్న ఆ చూపు పున్నయ్యకు బాగా తెలుసు. ఇన్నేళ్ళూ లోకాన్ని అలా చూసింది తనే.

"బాబాయ్ దొంగ కాదు సార్," అన్నాడు మొహిద్దీన్.

"డిస్కు నీ పక్కనే ఉంటుందిగా. ఈ బేరింగు మొదట్నుంచీ అందులో లేదని, మధ్యలో వచ్చిందని నువ్వు చెప్పగలవా? చెబితే ఒప్పుకుంటాను."

అవునంటే సరిపోయేది. మొహిద్దీన్ తల దించుకున్నాడు. "ఆయన ఫైలు నేనెప్పుడూ తెరవలేదు సార్."

స్టోర్సు తాళాలు బల్ల మీద పెట్టి ఇంటికి పొమ్మన్నారు. మొహిద్దీన్ గేటుదాకా తోడొచ్చాడు. అక్కడ పున్నయ్య ఆగి, అతని భుజం పట్టుకుని, కూలీలంతా చూస్తుండగానే ఏడ్చాడు.

"పక్కనే పెట్టుకుని కూర్చుంటివి గదరా," అన్నాడు. "ఒక్కసారన్నా తెరిచి చూడకపోతివే."