నకలు గుమాస్తాల కాలేజీ

ప్రభుత్వ లా కాలేజీలో అందరూ ఆవిడను బైండరమ్మ అనేవారు. లైబ్రరీ వెనకున్న ఇరుకు గదిలో ఇరవై ఆరేళ్లుగా చిరిగిన పుస్తకాలకు కుట్లు వేసి, జిగురు పూసి, అట్టలు కట్టేది. ఆఫీసులో టైపిస్టు ఆవిడ తోడికోడలే. ఉద్యోగంలో ఆరేళ్లు వెనక, మాటల్లో ఆరడుగులు ముందు.

కాలేజీకి డెబ్బై అయిదేళ్లు నిండబోతుంటే, దాని చరిత్ర రాసే పని ప్రిన్సిపాల్ టైపిస్టుకు అప్పగించాడు. బైండరమ్మకు ఒళ్లు మండిపోయింది. పాత రిజిస్టర్లన్నీ తన చేతుల మీదుగా వెళ్లినవే. ఏ ఏడు ఏ గదిలో క్లాసులు జరిగాయో, మొదటి ఆడపిల్ల ఎప్పుడు చేరిందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఎవరూ అడగలేదు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకన్నట్టు, పని తనకు రానందుకన్నా అది ఆమెకు దక్కినందుకే ఎక్కువ ఏడుపు.

ఒకరోజు తోడికోడలే వెతుక్కుంటూ వచ్చింది.

"అక్కా, కాలేజీ పెట్టినప్పటి కాగితాలేమైనా ఉన్నాయా?"

ఉన్నాయి. మొదటి మినిట్స్ పుస్తకం బీరువా కింది అరలో, పాత అట్టల అడుగున ఉంది. ఒక్కో కాగితం అతికించి దాన్ని బతికించింది ఆవిడే.

"చెదలు తినేశాయమ్మా," అంది జిగురు కలుపుతూనే.

కాలేజీ పుట్టకముందు కోర్టులో తీర్పులకు నకళ్లు రాసే గుమాస్తాలు ముప్పై ఒక్కమంది ఉండేవారు. పగలంతా ఉద్యోగం, లా చదివే దారి లేదు. సాయంత్రం క్లాసులు పెట్టమని సర్కారుకు అర్జీ మీద అర్జీ పెట్టారు. నాలుగేళ్లకు అనుమతి వచ్చింది. కోర్టు మేడమీది వరండాలో, కక్షిదారులు కూర్చునే బెంచీల మీద కాలేజీ మొదలైంది. ఇదంతా ఆ పుస్తకంలో, ముప్పై ఒక్కరి సంతకాలతో ఉంది.

అది దొరక్క టైపిస్టు నలుగురూ చెప్పుకునేదే రాసింది: ఒక పేరుమోసిన ప్లీడరు పూనుకుని కాలేజీ పెట్టాడని. నిజానికి ఆయన అక్కడ రెండేళ్లు పాఠాలు చెప్పాడు, అంతే.

పుస్తకం విడుదలైన రోజు టైపిస్టు వేదిక మీద, బైండరమ్మ చివరి వరసలో. ఇంటికొచ్చాక భర్త, "మరదలు ఎంత బాగా మాట్లాడిందో!" అన్నాడు. ఆవిడ చేతిలోని గిన్నెను ఠంగుమని కింద పెట్టింది.

రెండు నెలలకు ప్లీడరు మనవలు ఆ పుస్తకం పట్టుకొచ్చి, కాలేజీకి తమ తాత పేరు పెట్టమన్నారు. ప్రిన్సిపాల్ తలూపాడు. ఒక ఉదయం పెయింటరు నిచ్చెనెక్కి గేటు బోర్డు కొలుస్తున్నాడు.

"ఏం రాస్తావు?" అని అడిగింది బైండరమ్మ.

"'ప్రభుత్వ' పక్కన ప్లీడరుగారి పేరు రాయమన్నారమ్మా."

ఆ ముప్పై ఒక్క సంతకాలు ఆవిడ కళ్లముందు మెదిలాయి. కుళ్లుకున్నది తోడికోడలి మీద. దెబ్బ తగిలింది ఆ గుమాస్తాలకి. గదికి వెళ్లి పుస్తకం తీసుకుని, తిన్నగా ప్రిన్సిపాల్ దగ్గరికి నడిచింది. టైపిస్టు అక్కడే ఉంది.

"ఇన్నాళ్లూ ఇదెక్కడుంది?" అన్నాడాయన, పేజీలు తిప్పి.

"నా దగ్గరే సార్. చెదలని అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"కుళ్లు సార్."

బోర్డు మారలేదు. బైండరమ్మకు మెమో ఇచ్చి, బీరువా తాళాలు తీసేసుకున్నారు. తోడికోడలు నెల రోజులు ముఖం చూడలేదు. ఆ తర్వాత మినిట్స్ పుస్తకం నకలు పట్టుకుని బైండింగ్ గదికి వచ్చింది.

"ఈ గొలుసుకట్టు రాత నాకు కొరుకుడు పడట్లేదు. నువ్వు చదివావుగా."

"చదివాను."

"నా పుస్తకం తప్పని తేలినందుకు సంతోషమేనా?"

"మొదట్లో అయింది."

"నీ స్థానంలో ఉంటే నేను మిఠాయిలు పంచేదాన్ని," అని స్టూలు లాక్కుని కూర్చుంది టైపిస్టు.

మూడు వారాలు ఒకరు చదివితే ఒకరు రాసుకున్నారు. చరిత్ర తిరిగి అచ్చయింది. అట్ట మీద టైపిస్టు పేరు, లోపల "పాత రాత చదివిపెట్టినవారు" అని బైండరమ్మ పేరు. ఆ అక్షరాలు మరీ చిన్నవిగా వేశారని ఆవిడ వారం రోజులు భర్త దగ్గర సణిగింది.