నా ట్యాంకులో కలిపిన జిగురు

మీరెప్పుడైనా నిజాన్ని గెలిపించడానికి మోసం చేశారా? వెంటనే లేదనకండి. నేను చేశాను. ఊరూరా వేదికలెక్కి బాబాల గుట్టు విప్పిన నేను, నా గుట్టును మాత్రం ఇన్నేళ్లుగా గొంతులో ముల్లులా దాచుకుని తిరుగుతున్నాను. దేవుణ్ణి నమ్మేవాడికి మోకరిల్లి చెప్పుకునే చోటొకటి ఉంటుంది. నాకు అదీ లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అనకాపల్లిలో సైన్సు పాఠాలు చెప్పేవాణ్ణి. కొండకర్ల ఆవ అనే పెద్ద చెరువు పక్క ఊళ్లో యేసేబు అనే క్రైస్తవుడు ఉండేవాడు. కూలికి పొలాలకు మందు కొట్టడం అతని పని. కొట్టేముందు స్ప్రేయరు ట్యాంకు మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసేవాడు. జింకు లోపంతో తుప్పు రంగుకు తిరిగిన వరి, అతను కొట్టాక పచ్చబడేది. పని చేసింది మందు. పేరు ప్రార్థనకు వచ్చింది. హిందూ రైతులూ అతన్నే పిలిచేవారు. నాకది మింగుడు పడలేదు. మనిషి మీద కోపం లేదు. సెలవు రోజుల్లో అతని ఇంటికి వెళ్లి మరీ వాదించేవాణ్ణి. "మా దేవుణ్ణి తిడితే తిట్టండి మాస్టారూ, టీ సల్లారిపోకుండా తిట్టండి" అనేవాడు.

చివరికి ఊరి ముందు పందెం వేశాను. పక్కపక్కన రెండు మడులు. ఒకే డ్రమ్ములో కలిపిన జింకు నీళ్లు. అతను ప్రార్థించి కొడతాడు, నేను ఊరికే కొడతాను.

తేడా రాదని నాకు తెలుసు. తేడా రాకపోవడమే నా వాదన. కానీ ముందురోజు భయం పట్టుకుంది. రెండు మడులూ ఒకేలా పచ్చబడితే, పక్క మడిలో చేసిన ప్రార్థనే నాకూ పనికొచ్చిందంటారు కదా? సమానం నాకు చాలలేదు. వాదనలో పెరిగినవాడికి నిజం సరిపోదా, గెలుపే కావాలా? నా ట్యాంకు అడుగున ముందే జిగురు మందు పోసి, మూత బిగించి తెచ్చాను.

వరి ఆకు మీద మైనంలాంటి పూత ఉంటుంది. ఉత్త నీటిబొట్టు దాని మీద గుండ్రంగా నిలబడి, గాలికి దొర్లిపోతుంది. జిగురు కలిస్తే ఆ బొట్టు పలచగా పరుచుకుని ఆకును అంటిపెట్టుకుంటుంది. తడి ఆరేలోగా అందులోని మందు ఆకు పైపొరలోని సన్నని దారుల గుండా లోపలికి ఇంకుతుంది. పిల్లలకు నేనే చెప్పిన పాఠం.

యేసేబు నా మడిలోకి వంగి చూశాడు.

"ఏటి మాస్టారూ, మీ నీళ్లు ఆకునంటుకుంటన్నాయి. నావి జారిపోతన్నాయి. ఏటైనా కలిపేరేటి?"

"కలపడానికేముంది? నీ ప్రార్థన బరువెక్కువై జారిపోతోందేమో."

గట్టు మీద జనం నవ్వారు. "యేసేబు మావా, ఈపాలి పాస్టరుగారిని ట్యాంకులో ఎయ్యి" అన్నాడొకడు.

యేసేబు నవ్వలేదు. "అయితే నాలోనే ఏదో పాపం ఉండుంటాది" అన్నాడు నెమ్మదిగా.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

నా మడి పచ్చబడింది. ఆ రోజు గాలికి మందు జారిపోయిన అతని మడి తుప్పు రంగు వదల్లేదు. నేను సభ పెట్టి చప్పట్లు కొట్టించుకున్నాను. జనం అతన్ని పనికి పిలవడం మానేశారు. స్ప్రేయరు అమ్మేశాడని, చర్చిలో వెనక వరసలో కూర్చుంటున్నాడని, నోరు విప్పి ప్రార్థించడం లేదని విన్నాను. మరి అతని మూఢనమ్మకం పోయిందా? లేదు. తన ప్రార్థనకు ఒకప్పుడు బలం ఉండేదనీ, తన పాపమే దాన్ని తినేసిందనీ నమ్ముతున్నాడు. నేను పోగొట్టింది అతని కూడు. నేను పోగొట్టుకున్నది నాకు టీ ఇచ్చిన గుమ్మం.

ఇప్పటికీ ఆవ వైపు వెళ్లే బస్సెక్కలేను. చుట్టూ మెచ్చుకునేవాళ్లున్నారు, వాళ్లలో ఒక్కరికీ ఈ మాట చెప్పలేకపోయాను. మిమ్మల్ని క్షమించమనడం లేదు. అది మీ చేతిలో లేదు. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే.

మీరొక పని చేయండి. ఈసారి హేతువు పేరుతో ఎవరైనా మీ ఊళ్లో వేదికెక్కి ఇంకొకణ్ణి పరీక్షకు రమ్మంటే, అది నేనే కావచ్చు, చప్పట్లు కొట్టకండి. లేచి నిలబడి, ముందు అతని ట్యాంకు మూత తీయించండి.