బావ హోల్‌స్టర్, అక్క ఇడ్లీ పిండి

మా బావకి పిస్టల్ లైసెన్స్ వచ్చింది. చొక్కా కింద ఎవరికీ కనబడకుండా నడుముకి పెట్టుకునే తోలు ఒర, అదే హోల్‌స్టర్, కూడా వచ్చింది, కానీ మరీ బిగుతు. రేపు షూటింగ్ రేంజ్‌లో స్నేహితుల ముందు కట్టుకోవాలని ఆయన పట్టుదల.

అందుకని ఈ ఉదయం అసలు పిస్టల్‌ని లాకర్‌లోనే ఉంచి, అదే కొలతల ప్లాస్టిక్ బొమ్మతో మేమిద్దరం శాస్త్రోక్తంగా పనికి దిగాం. తోలు నానబెట్టి, బొమ్మని దూర్చి, ఆకారం వచ్చేదాకా నొక్కి, బొమ్మ తీసేశాం. ఇక సన్నటి వేడిలో ఆరాలి. అవెన్‌లో లైటు వెలుగుతోంది, లోపల వెచ్చగా ఉంది. పై అరలో ఏదో గిన్నె, కింద ఖాళీ పళ్ళెం. బావ పళ్ళెం తీసేసి, హోల్‌స్టర్‌ని నోరు పైకి పెట్టి నిలబెట్టాడు.

సాయంత్రం అక్క అవెన్ తెరిచింది. గిన్నెలోంచి పొంగిన ఇడ్లీ పిండి హోల్‌స్టర్ నిండా ఉంది.

"కింద పళ్ళెం ఎవరు తీశారు?"

"ఖాళీగా ఉందని నేనే తీశా. లైట్ కూడా ఆఫ్ చేయడం మర్చిపోయావేమో అనుకున్నా," అన్నాడు బావ.

"మరి ఆరేళ్ళుగా ఈ బాతెల్ ఊరి చలికి పిండి ఎలా పులుస్తోందనుకున్నావ్, నీ మొహం చూసా? ఒరేయ్, నువ్వు నవ్వింది చాలు, కడుగు!"

కడిగాను. బొమ్మ ఇప్పుడు సుఖంగా దూరుతోంది. పులిసిన వాసన మాత్రం పోలేదు. రేపు కళ్ళకి కనబడకుండా చొక్కా దాస్తుంది. ముక్కులకి తెలియకుండా ఏది దాస్తుందో అనుభవజ్ఞులు సెలవివ్వగలరు.