కలలో కాళ్ళకు తాడు

అత్తగారికి పక్షవాతం వచ్చాక నేను రాజోలులో బడి ఉద్యోగం మానేశాను. ఆమెను ఒంటరిగా వదలలేం. మా ఆయన పొద్దున్నే కొట్టుకు వెళ్ళిపోతారు. మిగిలింది నేనే. ఆ రోజుల్లోనే ఆ కల మొదలైంది. కొబ్బరి పీచు తాడుతో నా కాళ్ళు కట్టేసి ఉంటాయి. రెండో కొస అత్తగారి మంచం కోడుకు ఉంటుంది. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు బయలుదేరుతున్న చప్పుడు వినిపిస్తుంది. నేను కదలలేను.

పీడకల ఎవరికీ చెప్పకూడదని మా పెద్దలంటారు. ఏ అర్థం చెబితే అదే జరుగుతుందట. చెప్పుకుంటే మన మేలు కోరేవాళ్ళకే చెప్పుకోవాలి. అందుకని మసీదులో ఇమాముగా ఉన్న మామూకి, అంటే మా అమ్మ తమ్ముడికి, చెప్పాను. ఆయన మా ఇంటికే వచ్చారు. పక్కగదిలో అత్తగారు ఉన్నారని మంచం సంగతి మింగేశాను. మామూ ముఖం విప్పారింది. మెడకు సంకెల చెడ్డదట, కాళ్ళకు బంధం మంచిదట, అది దీన్‌లో, అంటే మతధర్మంలో, నిలకడకు గుర్తట. కలకు ఇలా అర్థం చెప్పడాన్నే తాబీరు అంటారు. మా ఆయన మురిసిపోయి బంధువులందరికీ చెప్పుకున్నారు. ఇక ఆ తాడు విప్పమని అడిగే దారి కూడా లేకపోయింది.

నాతో చదువుకున్న క్రైస్తవ స్నేహితురాలు అమలాపురంలో కౌన్సెలర్. మందుల కోసం వెళ్ళినప్పుడు ఆమెకు కల మొత్తం, మామూ చెప్పిన తాబీరుతో సహా చెప్పాను. కట్టేసిన కాళ్ళంటే అణచుకున్న కోరికని పాశ్చాత్య మనస్తత్వ శాస్త్రంలో కొందరంటారంది. తను మాత్రం కల కన్న మనిషినే అడుగుతుందట.

"లేచాక ఎలా ఉంటాదే నీకు?"

"ఊపిరాడదు," అన్నాను. ఆ మాట అంటూనే ఏడ్చేశాను.

"ఇది మీ మామయ్యగారికి చెప్పేవా?"

తిరుగు దారిలో మామూ ఇంటి దగ్గర దిగి, మంచంతో సహా అంతా చెప్పాను. తస్బీహు పూసలు తిప్పుతున్న ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

"కలలు మూడు రకాలమ్మా. అల్లా చూపించేవి, షైతాను భయపెట్టేవి, మనసు తనలో తాను మాటాడుకునేవి. ఇది మూడోది. నేను తొందరపడి తాబీరు చెప్పేసేను."

ఆ శుక్రవారం నమాజు అయ్యాక ఆయన మా ఆయనతో మాట్లాడారు. ఇంటి మాట మసీదు దాకా వెళ్ళిందని మా ఆయన నొచ్చుకున్నారు. అయినా ఒక ఆయాను పెట్టారు. నేను మళ్ళీ బడికి వెళ్ళాను. మొదటిరోజు హాజరు పిలుస్తుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

వేసవి సెలవులు ఇంకా రాకముందే ఆయా పూతరేకుల ప్యాకెట్టుతో వచ్చింది.

"కువైట్ వీసా వచ్చేసిందండి. పెద్దమ్మగారిని ఇంక మీరే చూసుకోవాలండి."

ఆమె ముఖం వెలిగిపోతోంది. మంచిదమ్మా అన్నాను. పూతరేకు చిన్న ముక్క తుంచి అత్తగారి నోట్లో పెట్టి, ఆమె మింగేదాకా ఆగి, ఇక బడికి రాలేనని చెప్పడానికి హెడ్మాస్టరుగారికి ఫోన్ చేశాను.