పారబోయని తొట్టి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఐర్లండ్‌లో ములింగార్ ఊరి బయట నాచు పెంచే షెడ్డులో గాజుగొట్టాలు కడిగే పనికి చేరాను. చదివింది అయిదో తరగతి. ఆ పనికి అది చాలింది.

నాచంటే మెట్ల మీది పాకుడు కాదు. కంటికి ఆనని మైక్రో ఆల్గే. ఒక రకంలో నూనె ఉంటుంది. దాంతో డీజిల్ చేయాలని యజమాని డెక్లన్ ఆశ, ఖర్చుకి ఇంకా గిట్టలేదు. రెండో రకాన్ని పెంచేది స్వాతి, గుంటూరు పిల్ల. అది పచ్చగా పెరిగాక ఎరువు ఆపి, ఎక్కువ వెలుతురులో ఉంచుతారు. ఆ కష్టానికి తట్టుకోవడానికి అది లోపల ఎర్రరంగు పోగేసుకుంటుంది. చేపల మేతకి, మందుబిళ్లలకి ఆ రంగు మంచి ధర పలుకుతుంది.

మొదటి పంట చీడపట్టి పచ్చిమీదే కుళ్లింది. రెండోదీ పోతే స్వాతి ఉద్యోగం ఉండదని డెక్లన్ చెప్పేశాడు.

ఒక సోమవారం పొద్దున స్వాతి నాచు పెంచే తొట్టిలో పచ్చదనం లేదు. పైన నీళ్లు తేరుకున్నాయి, అడుగున గోధుమరంగు మడ్డి. ఎరువు ఆపేసి డబ్లిన్ వెళ్లిన స్వాతి ఇంకా రాలేదు.

"ఇదీ పోయింది. వాల్వ్ తిప్పెయ్, డీజిల్ నాచుకి తొట్టి కావాలి" అన్నాడు డెక్లన్ ఇంగ్లీషులో.

నాకూ పోయిందనే అనిపించింది. అయినా పెంచిన మనిషిని అడక్కుండా పారబోయడం నా వల్ల కాదు. ఫోన్ చేశాను.

"రైల్లో ఉన్నానాంటీ. వాల్వ్ ముట్టుకోకండి."

"నేను ముట్టుకోనులే. ఆయన చేతులు కట్టెయ్యనా?"

"ఏదో ఒకటి చేసి ఆపండాంటీ, ప్లీజ్."

కెటిల్ పెట్టాను. ఈ దేశంలో టీ పోస్తే కాదని లేచిపోయేవాడు లేడు. మూడో కప్పుకి డెక్లన్ మొహం చిట్లించాడు.

"నన్ను టీలో ముంచేస్తావా?"

"కాచాను కదా, పారబోయమంటావా?"

స్వాతి రొప్పుతూ వచ్చి, మడ్డి చుక్క ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టింది. డెక్లన్ చూశాక నేనూ చూశాను. గుండ్రటి గింజలు, నడుమ దానిమ్మ రంగు.

"చావలేదాంటీ. పెంకు కట్టుకుని అడుక్కి దిగాయి. ఇంత త్వరగా ఎరుపుకి తిరుగుతాయని నేనూ అనుకోలేదు."

"గ్రాండ్" అన్నాడు డెక్లన్. ఇక్కడివాళ్ల మాటలో బాగుంది, సరే అని.

కొన్నాళ్లకి ఆ మడ్డి ఎర్రగా పండింది, అమ్ముడుపోయింది. స్వాతి ఇప్పటికీ అక్కడే ఉంది, ఆమె కింద ఇంకో ఇద్దరు.

కొత్తగా చేరినవాళ్లకి నేను చెప్పేది ఒకటే. వాల్వ్ తిప్పాక నీళ్లు వెనక్కి రావు. పెంచినవాళ్లు వచ్చి చూసేదాకా చేతులు కట్టుకుని కూర్చోండి.